మేడమ్‌కీ అవ్వకీ నడుమ

పోయిన నెల నెల్లూరులో ఒక ఆసుపత్రి వరండాలో, మా ఆయన మోకాలి ఎక్స్‌రే కోసం కూర్చుని ఉన్నాను. ఎదురు గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల చిన్న వయసు అమ్మాయి ఒకరు, పక్షవాతం వచ్చిన పెద్దాయనకి బొమ్మల అట్టలు చూపించి పేర్లు చెప్పిస్తోంది. ఆవు బొమ్మ పైకెత్తి, "ఇదేంది తాతా?" అంది. ఆయన చాలాసేపు చూశాడు. పేరు నోటికి రాలేదు. చివరికి బాగున్న చేత్తో పాలు పిండుతున్నట్టు చూపించాడు. పక్కనున్న భార్య ఆగలేక, "ఆవు గదయ్యా, ఆవు!" అంది. ఆ అమ్మాయి, "నువ్వు అందించగూడదవ్వా, ఆయనే చెప్పాల" అని మందలించింది.

నేను లేచి బయటికి వచ్చేశాను. మా ఆయన కుంటుకుంటూ వెనకే వచ్చి, ఏమైందని అడిగాడు. "ఏం లేదు, మందుల వాసన" అన్నాను. ఆయనకు బొత్తిగా తెలియని సంగతి కాదు. కానీ ఎప్పుడు చెప్పబోయినా సగంలో లేచి ఏదో ఒక పనిలో పడిపోతుంటాను. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మాది దొరవారిసత్రం దగ్గర ఒక పల్లె. చుట్టూ వరి. తూర్పు నుంచి గాలి తిరిగితే పులికాటు బురద వాసన, దాని వెంబడే ఎండు రొయ్యల వాసన ఇళ్లలోకి వచ్చేది. నేను చదివిందంతా తెలుగులో. అయినా ఇంటర్మీడియట్ కాగానే మా నాయన నన్ను నెల్లూరు కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం ఉన్న బి.ఏ.లో చేర్పించాడు. ఆయన ఒకసారి ఏదో ఆఫీసుకు పనిమీద పోతే, అక్కడి అధికారి ఇంగ్లీషులో కసిరి పంపించాడట. ఏమని తిట్టాడో కూడా అర్థం కాక తిరిగి వచ్చాడు. "తిట్టినా తెలియాల గదా అమ్మయ్యా, మనల్ని ఏమని తిట్టినారో" అనేవాడు. నా చదువు వెనక ఉన్న ఆశయం అంతే.

పొద్దున్నే పాసింజరు బండి. చేపల గంపలు, పెరుగు కుండలు, జామకాయల బుట్టలు, మల్లెపూల మూటలు అన్నీ ఒకే పెట్టెలో. ఆ వాసనలన్నీ కలిసి ఒక కొత్త వాసన అయ్యేది, దానికి ఏ భాషలోనూ పేరు లేదు. నేను తలుపు దగ్గర కూలబడి ఆనాటి పద్యాన్ని పైకి చదువుకునేదాన్ని. పెరుగమ్మే ఆమె రోజూ ఆశ్చర్యపోయేది. "ఏందమ్మణ్ణీ ఆ గొణుగుడు? జొరం దిగే మంత్రమా?" అని ఒకరోజు అడిగింది. అవునన్నాను. మరునాడు తన మనవణ్ణి నా ముందు కూర్చోబెట్టి, "వీడికి రెండు దినాలుగా ఒళ్లు కాల్తా ఉంది, రొంత చదువు" అంది. చదివాను. తగ్గిందని తరువాత నాకు ఒక ముంతెడు పెరుగు ఇచ్చింది. ఇంగ్లీషు వల్ల నాకు కలిగిన మొదటి లాభం అదే.

ఆ గ్రూపులో మేం రెండు బెంచీలకు సరిపోయేంత మందిమే. మాకు పాఠం చెప్పే మేడమ్ అప్పటికే నడివయసు దాటిన మనిషి. సన్నగా, నల్లగా, గంజి పెట్టిన నేత చీరల్లో నిటారుగా నడిచేది. పెళ్లి చేసుకోలేదు. క్లాసులో తెలుగు మాట వినబడకూడదు. ఎవరి నోటినుంచైనా జారిందంటే, లేచి నిలబడి ఆ పొద్దున ఏం తిన్నారో ఇంగ్లీషులో చెప్పాలి. అదే శిక్ష.

మొదటి వారంలోనే నేను నిలబడ్డాను. మా ఇంట్లో పొద్దున సద్దన్నం, ఊరమిరపకాయ. "ఓల్డ్ రైస్" అన్నాను. అందరూ నవ్వారు. మేడమ్ నవ్వలేదు. పాతది కాదు, నిన్నటిది అని సరిచేసింది. "యెస్టర్‌డేస్ రైస్. చాలా అందమైన మాట" అంది ఇంగ్లీషులో. మరి నంచుకున్నదేమిటి అంది. ఊరమిరపకాయకి ఇంగ్లీషు లేదు మేడమ్ అన్నాను. అప్పుడామె బల్ల అంచున కూర్చుంది. పేరు లేకపోతే పోనీ, మా కళ్లకు కనబడేదాకా చెప్తూనే ఉండు అంది. పెరుగు, ఉప్పు, ఎండ, నూనె, చిటపట అంటూ నాకొచ్చిన ముక్కలన్నీ ఖర్చుపెట్టాను. నేను కూర్చునేసరికి క్లాసంతా గుటకలు మింగుతోంది.

మేడమ్‌కి అసలు తెలుగే రాదని మాలో ఒక పుకారు. ఆమెను ఎవరో దొరసానులు పెంచారని ఒకమ్మాయి కథ అల్లింది. తేల్చుకోవడానికి నేనొక ఎత్తు వేశాను. మెట్లు దిగుతుంటే ఆమె వెనకే నడుస్తూ, "మేడమ్ కొంగుకి గోంగూర అంటుకోనుంది చూడండే" అని గట్టిగా అన్నాను. ఆమె కొంగు చూసుకోలేదు, వెనక్కి తిరగలేదు. ఇంకేముంది, తెలుగు రాదని తేలిపోయింది.

ఆ ఏడు కార్తీకంలో వానలు కమ్ముకున్నాయి. ఒకరోజు పట్టాల మీద నీళ్లు నిలిచి సాయంత్రం బండి రద్దయింది. స్టేషన్ నుంచి తిరిగొచ్చి కాలేజీ గేటు దగ్గర తడుస్తూ నిలబడి ఉంటే, మేడమ్ గొడుగు కిందికి రమ్మంది. వాళ్ల ఇల్లు చర్చి వెనక సందులో చిన్న పెంకుటిల్లు. గడప తొక్కుతుండగానే ఆమె గొంతెత్తి, "అమా! మళ్లా వాన్లో యానాది చేపలామెను కూచోబెట్టుకోని బేరాలాడినావా? నీకేమన్నా జొరమొస్తే ఎవురు చూడాలంట?" అని అరిచింది. లోపల్నుంచి అంతకు రెండింతల గొంతు వచ్చింది. "నువ్వు చూస్తావులే! ఇంగిలీషులో చూస్తావు!"

నేను నోరు తెరిచి నిలబడిపోయాను. మేడమ్ నా వైపు తిరిగి చాలా మామూలుగా, "కొంగుకి గోంగూర అంటినాదన్నింది నువ్వే గదా?" అంది.

ఆ గొంతు వాళ్లమ్మది. అవ్వ అనేదాన్ని నేను. పొట్టి మనిషి, తెల్ల చీర, చెవులకు ఏమీ లేవు. ఆ రాత్రి నాకు ఎండు మామిడికాయ ముక్కలేసిన మట్టగిడసల చేపల పులుసు పెట్టింది. ముందు నేను కంచం ముందు కూర్చుని తటపటాయించాను. మా జేజి, అంటే మా నాయన తల్లి, చర్చి వాళ్ల ఇళ్లలో మంచినీళ్లు కూడా తాగనిచ్చేది కాదు. అవ్వకి అది అర్థమైంది. కోపం తెచ్చుకోలేదు. "ఆకలికి కులం లేదు పాపా, వాసన చూడు, తినబుద్ధయితే తిను, లేకుంటే అరటిపండ్లుండాయి" అంది. పులుసు వాసన మా జేజి కంటే బలమైనది. రెండుసార్లు పెట్టించుకున్నాను.

అవ్వ వయసులో ఉన్నప్పుడు ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేదట. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. కూతురు ఆ వంటింటి గడప మీదే పెరిగింది. హాస్టల్ పెద్దమ్మలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటుంటే అవ్వకి పిట్టలు మాట్లాడుకున్నట్టుండేదట. "అన్నం వారుస్తా వారుస్తా దేవుణ్ణి ఒకటే అడిగినా. అయ్యా, నా బిడ్డకి ఆ పిట్ట భాష ఇయ్యి అని" అని చెప్పింది. మేడమ్ పక్క గదిలోంచి, "నీ దేవుడు ఊరికే ఇయ్యలా, నన్ను రాత్రులంతా చదివించి ఇచ్చినాడు" అంది. ఇద్దరూ అంతే. పొద్దున లేస్తే ఒకరి మీద ఒకరు. ఆదివారాలు చర్చిలో ఇంగ్లీషు ఆరాధన ఉన్నప్పుడు వాక్యం చదివేది మేడమే. అవ్వ మాత్రం వెళ్లి అన్నిటికన్నా వెనక బెంచీలో కూర్చునేది. "ముందుకు రామ్మా, వంటామెననే సిగ్గు ఇంగా పోలేదా నీకు?" అని మేడమ్ విసుక్కునేది. అవ్వ బదులు చెప్పేది కాదు. అన్నిటికీ నోరు పెట్టే మనిషి, ఆ ఒక్క మాటకి మాత్రం తమలపాకు నములుతూ ఊరుకునేది.

తరువాత వానొచ్చినా రాకపోయినా నేను ఆ ఇంటికి పోవడం అలవాటయింది. జేజికి తెలిసి రభస చేసింది. ఆ ఇంటికి పోయొచ్చిన రోజున పెరటి వాకిట్లో తలస్నానం చేసిగాని ఇంట్లోకి రానిచ్చేది కాదు. మా నాయన బావి దగ్గర నీళ్లు తోడిపెట్టి, "పోసుకోమ్మా, ఎండాకాలమే గదా, సల్లగుంటుంది" అనేవాడు. తల్లికి ఎదురు చెప్పలేకా, నన్ను ఆపలేకా.

రెండో ఏడు కాలేజీ తెరిచిన కొత్తల్లో, ఒక మధ్యాహ్నం మేడమ్ పద్యం చదువుతూ ఆగిపోయింది. అర్థం కావడం కోసం ఆగిందేమో అనుకున్నాం. అదే పాదాన్ని మళ్లీ మొదలుపెట్టింది. నోరు ఒక పక్కకి లాగింది. పుస్తకం జారింది. ఆమె దాన్ని పట్టుకోవడానికి చెయ్యి చాచలేదు. చెయ్యి రాలేదని తరువాత అర్థమైంది. బల్ల మీదికి ఒరిగిపోయింది.

ఆసుపత్రిలో చాలా దినాలు మాట లేదు. కుడిపక్క పడిపోయింది. అవ్వ మంచం కాళ్ల దగ్గర నేల మీదే ఉండిపోయింది. ఇంటికి తీసుకొచ్చిన తరువాత ఒక పొద్దున, నేను కాలేజీకి పోతూ చూద్దామని వెళ్లాను. అవ్వ వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది. "మాటొచ్చింది పాపా! మాటొచ్చింది! ఏందో అడగతా ఉంది, నాకు తెలవలా, రా!" అంది.

లోపల మేడమ్ దిండుకి ఆనుకుని ఉంది. "వాటర్" అంది. నేను చెంబు అందించాను. తాగింది. అవ్వ పక్కన కూర్చుని తల నిమురుతూ, ఎట్టుంది తల్లీ, నొప్పుందా, కడుపులో ఆకలిగా ఉందా అని గబగబా అడిగింది. మేడమ్ తల్లి ముఖంలోకి చూసింది. ప్రేమగానే చూసింది. ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది. తరువాత నా వైపు తిరిగి, ఒక్కొక్క మాట తవ్వి తీస్తున్నట్టుగా అడిగింది. "వాట్... ఈజ్... మై మదర్... సేయింగ్?"

అమ్మ ఏమంటోంది అని నన్ను అడుగుతోంది.

నేను ముందు పరాచకం అనుకున్నాను. కాదు. ఆమెలోంచి తెలుగు మొత్తంగా పోయింది. మాట్లాడడమే కాదు, వింటే కూడా తెలియడం లేదు. డాక్టరుకి చూపిస్తే, ఇలా అరుదుగా జరుగుతుందన్నాడు. రెండు భాషలు వచ్చినవాళ్లలో ఒకటి ముందు తిరిగొచ్చి ఒకటి రాకుండా ఉండిపోవచ్చునట. ఒక్కోసారి తల్లి భాషే ఆగిపోతుందట. వస్తుందా అంటే, రావచ్చు అన్నాడు. ఎప్పుడంటే, చెప్పలేనన్నాడు.

 రిక్షాలో ఇంటికి వస్తుంటే అవ్వ నాతో, "నేను అడిగినా పాపా. ఇంగిలీషు ఇయ్యమని నేనే అడిగినా. అడిగినదానికన్నా ఎక్కువ ఇచ్చినాడు" అంది. రిక్షా తొక్కే అతను వెనక్కి తిరిగి చూశాడు. ఆమె ఏడవడం లేదు. చీర కొంగుతో కూతురి నోటి పక్క తడి తుడుస్తోంది.

మొదట్లో కాలేజీ వాళ్లు వచ్చేవారు. మేడమ్‌తో ఇంగ్లీషులో రెండు మాటలు మాట్లాడి, అవ్వకి ధైర్యం చెప్పి పోయేవారు. చర్చి అయ్యగారు ఆదివారాలు వచ్చేవాడు. మిగతా వారమంతా ఆ ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒకరి మాట ఒకరికి తెలియకుండా కూర్చునేవారు. ఒకరోజు అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఈడనే ఉండిపో పాపా. నీకు ఇంగిలీషు వస్తాది గదా" అంది.

"నాకు సరిగా రాదవ్వా. మేడమ్‌నే అడుగు, ఎన్ని తప్పులు దిద్దిందో."

"నాకంటే వస్తాది గదా" అంది.

ఊరికి పోయి మా నాయనకి చెప్పాను. జేజి అరుస్తూనే ఉంది. ఆయన చాలాసేపు పైపంచ మడతపెట్టుకుంటూ కూర్చుని, "ఆ తల్లికి బిడ్డ మాట తెలియకపోవడమేందమ్మా, గోడు గాకపోతే. పో" అన్నాడు. నా వెంట ఒక సంచి మొలగొలుకుల బియ్యం కూడా పంపించాడు.

అలా నేను ఆ ఇద్దరి నడుమ చేరాను. పొద్దున కాలేజీ, మిగతా పొద్దంతా వాళ్లిద్దరి మాటలూ అటూ ఇటూ మొయ్యడం. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంత తక్కువో ఆ ఇంట్లోనే తెలిసింది. పరీక్షలకి పద్యాల మీద పేజీలు నింపడం వచ్చుగాని, ఒంట్లో నలతగా ఉందా అని అడగడం రాదు. గుండెల్లో దడ, కడుపులో వికారం, అరికాళ్లలో మంటలు, ఒళ్లు బరువు. వీటికోసం ఆ మంచం దగ్గరే తడుముకునేదాన్ని. నేను ఆగిపోతే మేడమ్ ఎడమ చెయ్యి గాల్లో తిప్పేది. కనబడేదాకా చెప్పు అని అర్థం.

అవ్వ ఊరుకోలేదు. తను కూడా నేర్చుకుంటానని కూర్చుంది. "ఆకలిని ఏమంటారు?" "హంగ్రీ." అవ్వ గిన్నె పట్టుకుని కూతురి ముందు నిలబడి, "అంగిరీనా?" అంది. మేడమ్ ముఖం చిట్లించింది. "నాట్ అంగిరీ. హంగ్రీ" అని దిద్దింది. "అంగిరీ." "హంగ్రీ. హ. హ." అవ్వ, "హా, హా" అంటూ రొప్పింది. జబ్బు చేశాక మేడమ్ మొదటిసారి నవ్వింది ఆరోజే. వంకర మూతితో, కన్నీళ్లు వచ్చేదాకా. కూతురు నవ్విందని అవ్వ మరింత తప్పుగా పలికింది. తరువాత రోజూ సాయంత్రం అరుగు మీద పాఠం. నిద్రపో అనడానికి "సిలీపు", నొప్పి అంటే "పెయినా?", దగ్గరికి రా అంటే "కమ్ము". ముసలామె పొయ్యి ముందు కూర్చుని ఆ మాటలు వల్లెవేస్తుంటే, ఎసరు మరుగుతున్న చప్పుడులో కలిసి వినబడేవి.

కానీ ప్రార్థన మాత్రం అవ్వ తెలుగులోనే చేసేది. కూతురి నొసట చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు. మేడమ్ కళ్లు తెరిచి తల్లి పెదవుల వైపు చూస్తూ ఉండేది. ఒకసారి నేను అనువదించబోతే వద్దంది. మాటలు తెలియకపోయినా ఎక్కడ ఆమేన్ వస్తుందో నాకు తెలుసు అంది ఇంగ్లీషులో.

దసరా ముందు అవ్వకి జ్వరం పట్టుకుంది. రొమ్ములో కఫం. ఆసుపత్రికి రమ్మంటే, బిడ్డను విడిచి రానంది. కూతురి మంచం పక్కనే చాప వేయించుకుంది. ఒక మధ్యాహ్నం కాస్త తెరిపినపడి నన్ను పిలిచి, చెప్పాల్సింది ఉంది, తప్పు లేకుండా చెప్పమంది.

మొదట చిన్నచిన్నవి. తను పోతే భయపడొద్దని చెప్పింది. గోడ దాటి వచ్చే కోళ్లను పక్కింటామెకే ఇచ్చెయ్యమని చెప్పింది. పొగడ్త నోటికి తెస్తే దిష్టి తగులుతుందని, అందుకే ఎన్నడూ నిన్ను మెచ్చుకోలేదని చెప్పింది. దిష్టికి నాకు మాట దొరకలేదు. "షి వాజ్ అఫ్రెయిడ్ టు ప్రైజ్ యు" అన్నాను. నిన్ను మెచ్చుకోవడానికి భయపడిందని. మేడమ్ తల ఊపింది.

అప్పుడు చర్చి సంగతి ఎత్తింది. ఏళ్ల తరబడి వెనక బెంచీలో కూర్చున్నది సిగ్గుపడి కాదట. నువ్వు వాక్యం చదవడానికి లేచినప్పుడు, చర్చిలో ఉన్న తలలన్నీ ఒక్కసారి పైకి లేచి నీ వైపు తిరుగుతాయి. ముందు కూర్చుంటే అవి కనబడవు. అందుకని వెనక కూర్చున్నానంది.

నేను చెప్పాను. "షి సాట్ బిహైండ్ టు సీ ఆల్ ది హెడ్స్." మేడమ్‌కి అర్థం కాలేదు. "హెడ్స్?" అంది.  లేచి గది చివరకు పోయి నేల మీద కూర్చున్నాను. చేతులు ముందుకు చాచి, వరస వరసగా తలలు లేవడం చూపించాను. మీరు చదువుతున్నారు, వీళ్లంతా చూస్తున్నారు, అవ్వ వాళ్లను చూస్తోంది అని ముక్కలుముక్కలుగా అన్నాను. కనబడేదాకా చెప్పాను.

కనబడింది. మేడమ్ గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, అది ఇంగ్లీషూ కాదు, తెలుగూ కాదు. బాగున్న చేత్తో మంచం పట్టె పట్టుకుని కిందికి ఒంగింది. చాప మీద ఉన్న తల్లి జుట్టులో వేళ్లు పెట్టింది. అవ్వ కళ్లు మూసుకునే, "అర్థమయిందా పాపా?" అని నన్ను అడిగింది. "అయిందవ్వా" అన్నాను.

ఆ తరువాత ఎక్కువ దినాలు లేదు. ఒకరోజు తెల్లవారి నేను గంజి తీసుకుని వెళ్తే అవ్వ చల్లబడి ఉంది. మేడమ్ అప్పుడే కళ్లు తెరిచింది. నేను గిన్నె కింద పెట్టి నిలబడ్డాను. చావుకి ఇంగ్లీషులో ఎన్ని మెత్తటి మాటలున్నాయో ఆమే మాకు చెప్పింది. ఒక్కటీ రాలేదు. "మేడమ్... యువర్..." అని ఆగిపోయాను. ఆమె నా ముఖం చూసింది. కిందికి చూసింది. తరువాత చాలా నెమ్మదిగా, క్లాసులో అన్నట్టే, "ఫుల్ సెంటెన్స్" అంది. పూర్తి వాక్యం చెప్పమని.

"యువర్ మదర్ ఈజ్ డెడ్, మేడమ్."

"ఎస్" అంది. "దట్ ఈజ్ కరెక్ట్."

సమాధుల తోటలో అందరూ తెలుగులో పాటలు పాడారు. మేడమ్‌ని కుర్చీలో మోసుకొచ్చారు. నేను ఆమె చెవి దగ్గర వంగి ప్రతి చరణమూ ఇంగ్లీషులో చెప్తూ ఉన్నాను. సగంలో ఆమె నా చెయ్యి నొక్కి ఆపమంది. మా నాయన వచ్చి తనూ మన్ను వేశాడు. ఆ శనివారం నేను ఊరికి పోతే, పెరట్లో జేజి కూర్చుని ఉంది. నీళ్ల బానవైపు నడవబోతుంటే, "ఎందుకు లేమ్మే, లోపలికి పొయ్యి అన్నం తిను" అంది.

అవ్వ పోయాక కార్తీకం మళ్లీ వచ్చింది. నేను ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాను. ఒక సాయంత్రం వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. మేడమ్ అరుగు మీద కుర్చీలో ఉంది. తూర్పున మబ్బు పట్టి ఒక్కసారిగా చల్లగాలి కొట్టింది. పెంకుల మీద మొదటి చినుకులు టపటపా పడ్డాయి. వాకిట్లోంచి ఒక అరుపు.

"అమా! వానొస్తా ఉండాది! గుడ్డలు తియ్యి!"

నేను చింతపండు చేతులతోనే పరుగెత్తి పెరట్లోకి పోయి గుడ్డలన్నీ లాగి తెచ్చాను. గుండెల మీద తడి గుడ్డల మోపుతో మేడమ్ ముందుకు వచ్చి నిలబడ్డాక గాని నాకు తెలియలేదు, నేను విన్నది తెలుగని. మేడమ్‌కి కూడా అప్పుడే తెలిసినట్టుంది. నా వైపు చూసింది. నా వెనక ఖాళీ వాకిలి వైపు చూసింది. "అమ్మా" అని ఈసారి మెల్లిగా అంది. తరువాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. వాన పెద్దదయింది. ఇద్దరం అక్కడే ఉండిపోయాం, జల్లు కొడుతున్నా లోపలికి పోలేదు.

తెలుగు ఆ రోజు నుంచి ఒక్కొక్క మాటగా వచ్చేసింది. ఉగాది నాటికి నాతో పోట్లాడేంత వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు. పాఠం చెప్పడానికి ఆమె మళ్లీ కాలేజీకి పోలేదు. మా తరువాత ఒకటి రెండేళ్లకే ఆ గ్రూపులో చేరేవాళ్లు లేక ఎత్తేశారు. పాసింజరు బండిలో గంపలు తగ్గిపోయాయి. చర్చి వెనక పెంకుటిల్లు ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల మేడ ఉంది. నేను ఒక బడిలో ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికాను. మేడమ్ కూడా ఎప్పుడో వెళ్లిపోయింది.

చివరి ఏడు పరీక్షలు అయిపోయి నేను ఊరికి పోయే రోజున, సంచి సర్దుకుంటుంటే మేడమ్ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "అమ్మ నీ చేత చెప్పించిన మాటలన్నీ నాకు ఇంగ్లీషులోనే ఉండిపొయినాయే. ఆమె ఎట్టా అన్నిందో అట్టనే నాకు ఒకసారి చెప్పు. ఆమె మాటల్లోనే" అంది.

చెప్పబోయాను.  రాలేదు. అవ్వ నాతో అన్నవి గుర్తున్నాయి. కూతురికి చెప్పమని అన్నవి మాత్రం, వినీ వినకముందే ఇంగ్లీషు కోసం వెతుక్కునే కంగారులో నా చెవిలోంచి జారిపోయాయి. వెతికి వెతికి పట్టుకున్న ఆ ఇంగ్లీషు ముక్కలు మాత్రం ఒక్కటీ పోలేదు. ఆమె గొంతులో ఆ మాటలు విని అర్థం చేసుకున్నది లోకంలో నేనొక్కదాన్నే. నా దగ్గర లేవు. నాకు ఏడుపొచ్చేసింది.

మేడమ్ ఎడమ చేత్తో నా కళ్లు తుడిచింది. "సరే. నువ్వు చెప్పిన ఇంగ్లీషే చెప్పు. నేను మార్చుకుంటాను" అంది.

నేను ఒక్కొక్క వాక్యం చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని, తల్లి పీల్చినట్టే ఊపిరి పీల్చి, తల్లి సాగదీసినట్టే సాగదీసి, ఒక్కొక్కదాన్ని తెలుగు చేసింది. నేను బిహైండ్ అన్నాను, హెడ్స్ అన్నాను. ఆమెకు చాలాసేపు పట్టింది. పెదవులు కదిపి చూసుకుంది, కాదని తల ఊపింది, మళ్లీ మొదలుపెట్టింది. చివరికి అంది.

"నువ్వు లేచి సదవతా ఉంటే తలకాయలన్నీ నీ తట్టే తిరగతాయి గదే పిచ్చిదానా. అయి నేను చూసుకోవద్దా? ముందర కూచుంటే నాకు యాడ కనబడతాయి?"

కళ్లు తెరిచి నా వైపు చూసింది. "అట్టనే అన్నిందా?"

"అట్టనే అన్నింది మేడమ్" అన్నాను.

అలా అన్నదో లేదో నాకు నిజంగా తెలియదు. ఇప్పుడు అవ్వను తలుచుకుంటే ఆ మాటలు నాకు స్పష్టంగా వినబడతాయి. వినబడేది మేడమ్ గొంతు.